సోమవారం పొద్దున మెయిల్ సర్వర్ ఎందుకు మూలుగుతుంది?

శనివారం మధ్యాహ్నం చూస్తే అంతా ప్రశాంతంగా ఉంటుంది. సోమవారం పొద్దున తొమ్మిదిన్నర అయ్యేసరికి ఫోన్లు మొదలు. ఇన్‌బాక్స్ తెరుచుకోవట్లేదు, పంపిన మెయిల్ అవుట్‌బాక్స్‌లోనే తిరుగుతోంది, అకౌంట్స్ వాళ్లకైతే లాగిన్ కూడా అవ్వట్లేదు. సర్వర్‌లోకి వెళ్లి చూస్తే ప్రాసెసర్ వాడకం పది శాతం దాటలేదు. నెట్‌వర్క్ కార్డు దాదాపు ఖాళీ. లోడ్ యావరేజ్ మాత్రం 80 చూపిస్తోంది. మెయిల్ సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ అంకెలకి పొంతన కుదరక చాలా టెన్షన్ పడ్డాను. కూర్చుని ఉన్న మనిషికి ఇంత ఆయాసం ఏమిటి?

సర్వర్‌ని నడిపే లినక్స్ లెక్కలోనే జవాబు ఉంది. లోడ్ యావరేజ్‌లో పని చేస్తున్న ప్రాసెస్‌లతో పాటు, డిస్క్ నుంచో, నెట్‌వర్క్ అవతలున్న డిస్క్ (ఎన్‌ఎఫ్‌ఎస్) నుంచో జవాబు కోసం కదలకుండా నిలబడ్డవి కూడా కలుస్తాయి. ప్రాసెస్‌ల జాబితా చూపే ‘పీఎస్’ కమాండ్‌లో స్టేటస్ దగ్గర ‘డి’ అని కనిపించేవి అవే. 80 లోడ్ అంటే ఎనభై మంది పని చేస్తున్నారని కాదు, రేషన్ షాపు ముందు ఎనభై మంది సంచులు పట్టుకుని నిలబడ్డారని. కౌంటర్ ఎక్కడుందో, అక్కడ ఎందుకు ఆలస్యమవుతోందో తెలుసుకోకుండా సెట్టింగులు మార్చడం మొదలుపెడితే రోజులు గడిచిపోతాయి. నాకు అలాగే గడిచాయి.

ముందు అమరిక ఎలా ఉంటుందో చెబుతాను. ఒక మాదిరి పెద్ద సంస్థలో మెయిల్ కోసం రెండు మూడు సర్వర్లు పెడతారు, ఒకటి పడిపోయినా మిగతావి పని చేస్తాయని. అందరి మెయిల్ డబ్బాలూ ఆ సర్వర్లన్నిటికీ కనిపించాలి కాబట్టి వాటిని వేరే స్టోరేజ్ మెషీన్ మీద పెట్టి, ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా అన్ని సర్వర్ల మీదా మౌంట్ చేస్తారు, అంటే సొంత ఫోల్డర్‌లా తగిలిస్తారు. ఎన్‌ఎఫ్‌ఎస్ అంటే నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్. 1980ల మధ్యలో సన్ మైక్రోసిస్టమ్స్ తయారుచేసింది. ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తున్న మూడో వెర్షన్ వివరణ 1995లో వచ్చింది. దూరంగా ఉన్న డిస్క్‌ని పక్కనే ఉన్నట్టు చూపించడం దాని పని. ఆ ‘ఉన్నట్టు’ అన్న మాటలోనే మన కష్టాలన్నీ దాగి ఉన్నాయి.

మెయిల్ ఫైళ్ల స్వభావం

పాత రోజుల్లో ఒక మనిషి మెయిళ్లన్నీ ఒకే పెద్ద ఫైల్‌లో ఒకదాని కింద ఒకటి ఉండేవి. ఎంబాక్స్ పద్ధతి అది. కొత్త మెయిల్ చివర అతికించాలన్నా, మధ్యలోది తీసెయ్యాలన్నా ఆ ఫైల్‌కి తాళం వెయ్యాలి. ఎన్‌ఎఫ్‌ఎస్ మీద తాళాలు ఎప్పుడూ నమ్మదగ్గవి కావు. ఇది చూసి విసిగిపోయిన డేనియల్ బెర్న్‌స్టీన్ 1990ల్లో తన క్యూమెయిల్ సాఫ్ట్‌వేర్‌తో పాటు మెయిల్‌డిర్ అనే పద్ధతి తెచ్చాడు. ఒక్కో మెయిల్ ఒక్కో ఫైల్. డబ్బాలో ‘టెంప్’, ‘న్యూ’, ‘కర్’ అని మూడు ఫోల్డర్లు. వచ్చిన మెయిల్‌ని ముందు టెంప్‌లో రాస్తారు, పూర్తిగా డిస్క్ మీద పడ్డాక న్యూలోకి జరుపుతారు. యూజర్ డబ్బా తెరిచాక అది కర్‌లోకి వెళ్తుంది. చదివారా, జవాబిచ్చారా అన్న గుర్తులు ఫైల్ పేరు చివర అక్షరాలుగా చేరతాయి. ఫైల్ పేరులో సమయం, ప్రాసెస్ నంబర్, మెషీన్ పేరు ఉంటాయి కాబట్టి రెండు సర్వర్లు ఒకేసారి మెయిల్ వేసినా గుద్దుకోవు. తాళం అవసరమే లేదు. చాలా అందమైన ఆలోచన, ఇప్పటికీ నాకు ముచ్చటేస్తుంది.

ఆ అందానికి ఖరీదు ఉంది. ఒక్క మెయిల్ చేరాలంటే ఫైల్ సృష్టించు, రాయి, డిస్క్ మీద పడిందని రూఢి చెయ్యి, పేరు మార్చు అని ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌తో అరడజను సార్లు మాట్లాడాలి. ఒక మెయిల్ ‘చదివాను’ అని గుర్తు పెట్టడం కూడా ఒక ఫైల్ పేరు మార్చడమే. డబ్బా తెరవగానే ఫోల్డర్‌లో ఏమున్నాయో అడగాలి. ఇండెక్స్ (ముందే రాసిపెట్టుకున్న వివరాల పట్టిక) లేకపోతే ఒక్కో ఫైల్ తెరిచి ఎవరు పంపారు, విషయం ఏమిటి అని చదవాలి.

లెక్క వేద్దాం. ఒక మేనేజర్ ఇన్‌బాక్స్‌లో 10,000 మెయిళ్లు ఉన్నాయనుకోండి (తక్కువే చెప్పాను). ఒక్కో ఫైల్‌కి మూడు ప్రశ్నలు వేస్తే 30,000 ప్రశ్నలు. లోకల్ నెట్‌వర్క్‌లో ఒక ప్రశ్న వెళ్లి జవాబు తెచ్చుకోవడానికి అర మిల్లీసెకను పడితే మొత్తం 15 సెకన్లు. అదీ స్టోరేజ్ సర్వర్ మెమరీలో సమాధానం సిద్ధంగా ఉంటేనే. లేకపోతే డిస్క్ దాకా వెళ్లాలి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్‌లో హెడ్ సరైన చోటికి జరగడానికి ఎనిమిది మిల్లీసెకన్లు, పళ్లెం తిరిగి రావడానికి సగటున మరో నాలుగు. అంటే సెకనుకి ఎనభై చిల్లర ప్రశ్నలకే జవాబు. ఫైల్‌కి ఒక్కసారి డిస్క్‌ని ముట్టుకున్నా పదివేల ఫైళ్లకి రెండు నిమిషాలు. ఒక్క మేనేజర్‌కి.

మరి సోమవారమే ఎందుకు? అందరూ ఒకేసారి రావడం ఒక కారణం. రెండోది నేను చాలా ఆలస్యంగా పట్టుకున్నాను. ఆదివారం రాత్రి ఫుల్ బ్యాకప్ నడుస్తుంది. లక్షల ఫైళ్లని మొదటి నుంచి చివరిదాకా చదివే ఆ పని, వారమంతా స్టోరేజ్ సర్వర్ మెమరీలో కుదురుకున్న రోజువారీ సమాచారాన్ని బయటికి నెట్టేస్తుంది. తెల్లారేసరికి మెమరీ నిండా ఐదేళ్ల కిందటి మెయిళ్లు ఉంటాయి, ఎవరికీ అక్కర్లేనివి. బ్యాకప్‌ని స్నాప్‌షాట్ (ఒక క్షణంలోని స్థితిని పట్టి ఉంచిన నకలు) మీద, వీలైతే వేరే కాపీ నుంచి తీయడం మొదలుపెట్టాక మా సోమవారాలు సగం తేలికపడ్డాయి. లినక్స్ స్టోరేజ్ అయితే ‘వీఎఫ్‌ఎస్ క్యాష్ ప్రెజర్’ అనే కెర్నల్ (లినక్స్ గుండెకాయ) సెట్టింగ్ ఉంటుంది, మామూలుగా 100. దాన్ని 50కి దించితే ఫైళ్ల పేర్లూ వివరాలూ మెమరీలో ఇంకొంచెం ఎక్కువసేపు నిలుస్తాయి. ఫైళ్ల లోపలి సరుకు కన్నా వాటి చిరునామాలే ఎక్కువ అడిగే మెయిల్ లాంటి పనికి అది మేలు.

సంచి పెద్దదైతే సరుకులు త్వరగా వస్తాయా?

ఎన్‌ఎఫ్‌ఎస్ ట్యూనింగ్ అనగానే అందరూ ముందు చెప్పేది ‘ఆర్‌సైజ్’, ‘డబ్ల్యుసైజ్’ పెంచమని. ఒకేసారి ఎంత డేటా చదవాలి, ఎంత రాయాలి అన్నవి ఇవి. ఇప్పటి లినక్స్‌లో ఒక మెగాబైట్ దాకా వెళ్తాయి, చాలాసార్లు క్లయింటూ (ఇక్కడ మన మెయిల్ సర్వరే) ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వరూ (స్టోరేజ్) మాట్లాడుకుని ఆ గరిష్ఠానికే వస్తాయి. తర్వాతి సలహా జంబో ఫ్రేములు, అంటే నెట్‌వర్క్ పాకెట్ పరిమాణాన్ని 1,500 నుంచి 9,000 బైట్లకి పెంచడం. సినిమా ఫైళ్లు ఎడిట్ చేసే స్టూడియోకి ఇవి బంగారం. మెయిల్‌కి అంతగా పనికిరావు. కిరాణా కొట్టుకి ఉప్పు కోసం ఒకసారి, పప్పు కోసం ఒకసారి, అగ్గిపెట్టె కోసం ఇంకోసారి వెళ్లేవాడికి పెద్ద సంచి కొనిచ్చి ఏం లాభం? వాడి సమయమంతా నడకలోనే పోతోంది.

కాబట్టి నడక ఎంతుందో ముందు కొలవాలి. క్లయింట్ మీద ‘ఎన్‌ఎఫ్‌ఎస్ఐఓస్టాట్’ కమాండ్ నడిపితే రెండు సగటులు కనిపిస్తాయి. మొదటిది ప్రశ్న వైరు మీదికి వెళ్లి జవాబు తిరిగొచ్చేదాకా పట్టిన సమయం. రెండోది క్లయింట్‌లోనే క్యూలో నిలబడ్డ సమయం కూడా కలిపిన మొత్తం. మొదటిది చిన్నగా, రెండోది పెద్దగా ఉంటే తప్పు మీ మెయిల్ సర్వర్‌లోనే ఉంది. మొదటిదే పెద్దగా ఉంటే నెట్‌వర్క్‌నో స్టోరేజ్‌నో చూడాలి. స్టోరేజ్ మీద ‘ఐఓస్టాట్’లో డిస్క్ నిరీక్షణ సమయం చూస్తే మిగతా కథ తెలిసిపోతుంది. ‘ఎన్‌ఎఫ్‌ఎస్‌స్టాట్’ ఇంకో ముక్క చెబుతుంది, ఏ రకం ప్రశ్నలు ఎక్కువగా వెళ్తున్నాయో. మెయిల్ సర్వర్ మీద చూస్తే చదవడం, రాయడం కన్నా ‘గెట్‌అట్టర్’, ‘లుకప్’, ‘యాక్సెస్’ ముందుంటాయి. ఈ ఫైల్ ఉందా, ఎప్పుడు మారింది, నేను ముట్టుకోవచ్చా అని అడగడమే ప్రధాన వృత్తి.

స్టోరేజ్ సర్వర్ లినక్స్ అయితే జవాబులిచ్చే ఎన్‌ఎఫ్‌ఎస్ థ్రెడ్లు ఎన్నో చూడండి. చాలాకాలం పాటు మామూలుగా వచ్చే సంఖ్య 8. ఎనిమిది మంది గుమాస్తాలతో వేలమంది మెయిల్ నడపాలంటే కుదరదు, 64కో 128కో పెంచండి. డిస్కులే నెమ్మదిగా ఉంటే ఆ కొత్త గుమాస్తాలంతా వెళ్లి డిస్క్ దగ్గరే నిలబడతారు, అది వేరే సంగతి. డిస్కులని కలిపి వాడే అమరిక (రెయిడ్) రెయిడ్-5 అయితే ఒక చిన్న రాతకి పాత డేటా చదువు, పాత పారిటీ (డిస్క్ పోతే డేటా తిరిగి కట్టడానికి ఉంచే లెక్క) చదువు, కొత్తవి రెండూ రాయి అని నాలుగు డిస్క్ పనులు. రెయిడ్-10లో రెండే. చిన్న చిన్న రాతలతో బతికే మెయిల్‌ని రెయిడ్-5 హార్డ్ డిస్కుల మీద పెట్టేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. బడ్జెట్ ఉంటే ఎస్‌ఎస్‌డీలు కొనండి, ఈ పేరా మొత్తం మర్చిపోవచ్చు.

ఇక్కడో చిన్న పిట్టకథ. యూజర్ల డబ్బాలన్నీ ఒకే ఫోల్డర్‌లో వేస్తే అది చాంతాడంత అవుతుందని, కొందరు పేరులో మొదటి అక్షరం ప్రకారం ఏ, బీ, సీ ఫోల్డర్లుగా విడదీస్తారు. మన ఊళ్లలో ఆ లెక్క పని చెయ్యదు. శ్రీనివాసరావులు, సురేశ్‌లు, సాయిలు, సునీతలు, శ్రీలక్ష్ములు అందరూ ఇంగ్లిష్ ఎస్ కిందికే వస్తారు. ఆర్ ఫోల్డర్లో రాముళ్లూ రమేశ్‌లూ రాధలూ. క్యూ ఫోల్డర్ ఖాళీగా ఈగలు తోలుకుంటుంది. పేరుని హ్యాష్ చేసి (ఒక సూత్రంతో అంకెగా మార్చి), వచ్చిన విలువని బట్టి పంచితే అన్ని ఫోల్డర్లూ ఇంచుమించు సమానంగా నిండుతాయి. డవ్‌కాట్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో ఆ సదుపాయం ఉంది.

జ్ఞాపకం ఎంతసేపు నమ్మాలి?

ప్రతి చిన్న ప్రశ్నకీ సర్వర్ దాకా నడవకుండా ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ జవాబుల్ని కొంతసేపు గుర్తుపెట్టుకుంటుంది. లినక్స్‌లో మామూలుగా ఫైల్ వివరాలు 3 నుంచి 60 సెకన్లు, ఫోల్డర్ వివరాలు 30 నుంచి 60 సెకన్లు. ఫైల్ తెరిచినప్పుడు మాత్రం సర్వర్‌ని మళ్లీ అడుగుతుంది. ఒకరు రాసి మూసేశాక ఇంకొకరు తెరిస్తే కొత్తదే కనిపిస్తుందన్న హామీ అక్కడినుంచే వస్తుంది. తెరవకుండా ‘మారిందా’ అని ఊరికే అడిగితే మాత్రం పాత జ్ఞాపకం నుంచే జవాబు రావచ్చు.

ఒకే సర్వర్ ఉన్నప్పుడు దీంతో ఇబ్బంది లేదు. రెండు సర్వర్లు ఒకే డబ్బాని ముట్టుకున్నప్పుడు గొడవ మొదలవుతుంది. ఫోన్ ఒక సర్వర్‌కి, ల్యాప్‌టాప్ ఇంకో సర్వర్‌కి కనెక్ట్ అయ్యాయి. ల్యాప్‌టాప్‌లో మెయిల్ చదివారు, ఫైల్ పేరు మారింది. ఫోన్ తరఫు సర్వర్ ఇంకా పాత పేరే పట్టుకుని ఉంది, తెరవబోతే ఆ ఫైల్ లేదు. ఫోల్డర్ జాబితా చదువుతుండగా అవతల పేరు మారితే ఆ మెయిల్ రెండు పేర్లలో దేనికిందా కనిపించకపోవచ్చు. సాఫ్ట్‌వేర్ దాన్ని పోయిందనుకుని, తర్వాత కనిపించగానే కొత్త మెయిల్‌గా నంబర్ వేస్తుంది. పాప్‌లో మెయిల్ దించుకునే ఆయనకి అది మళ్లీ దిగుతుంది. ‘ఒకే మెయిల్ మూడుసార్లు వచ్చింది’ అన్న ఫిర్యాదు వెనక ఇలాంటిదే ఉంటుంది చాలాసార్లు.

ఇలాంటప్పుడు అందరికీ తట్టే మందు ‘నోఏసీ’ మౌంట్ ఆప్షన్. ఏ వివరమూ గుర్తుపెట్టుకోవద్దు, ప్రతిసారీ అడుగు అని. నేనూ పెట్టాను. జ్ఞాపకం పోతే తప్పులూ పోతాయనుకున్నాను. ఆ ఆప్షన్ రాతల్ని కూడా ఒక్కొక్కటిగా డిస్క్ దాకా వెళ్లేదాకా ఆపుతుందని మాన్యువల్‌లో రాసి ఉంది, నేను ఆ వాక్యం దాకా చదవలేదు. అరగంటలో సర్వర్లన్నీ నిలువునా ఆగిపోయాయి. ఆ రోజు మా ఆఫీసులో టీ కూడా ఎవరూ ఇవ్వలేదు నాకు. దానికన్నా సౌమ్యమైనది ‘లుకప్‌క్యాష్’ ఆప్షన్. దాన్ని ‘పాజిటివ్’ అని పెడితే, ఉన్న ఫైళ్ల పేర్లు గుర్తుంటాయి, ‘ఆ పేరుతో ఫైల్ లేదు’ అన్న జవాబు మాత్రం గుర్తుండదు. ఇప్పుడే ఇంకో సర్వర్ సృష్టించిన ఫైల్‌ని లేదనే పొరపాటు తగ్గుతుంది, ఖరీదు కూడా తక్కువ.

ఐమ్యాప్ (మెయిల్‌ని సర్వర్ మీదే ఉంచి చదివే పద్ధతి) సర్వర్‌గా చాలామంది వాడే డవ్‌కాట్‌ని ఫిన్లండ్‌కి చెందిన టిమో సిరైనెన్ 2002లో మొదలుపెట్టాడు. దాని వేగమంతా ఇండెక్స్ ఫైళ్లలో ఉంది. మెయిళ్ల వివరాలు ఒకచోట రాసిపెట్టుకుని, ప్రతిసారీ వేల ఫైళ్లు తెరవకుండా పని కానిచ్చేస్తుంది. పైన వేసిన 30,000 ప్రశ్నల లెక్క ఇండెక్స్ చెడిపోయిన రోజుది. రెండు సర్వర్లు ఒకే ఇండెక్స్‌లో రాస్తే అది చెడిపోయే అవకాశం చాలా ఎక్కువ. దానికోసం ‘ఎంమ్యాప్ డిసేబుల్’, ‘మెయిల్ ఎన్‌ఎఫ్‌ఎస్ స్టోరేజ్’, ‘మెయిల్ ఎన్‌ఎఫ్‌ఎస్ ఇండెక్స్’ లాంటి సెట్టింగులు ఇచ్చారు. మొదటిది ఎన్‌ఎఫ్‌ఎస్ మీద ఇండెక్స్ పెడితే తప్పనిసరి. చివరి రెండూ అవసరమైనప్పుడల్లా క్లయింట్ జ్ఞాపకాన్ని తుడిచే ప్రయత్నం చేస్తాయి. ప్రయత్నమే. పూర్తి భరోసా లేదని డవ్‌కాట్ వాళ్లే చెబుతారు.

అసలు మందు వేరే ఉంది, అది మౌంట్ ఆప్షన్లలో దొరకదు. ఒక యూజర్ ఎప్పుడు ఎక్కడినుంచి వచ్చినా ఒకే మెయిల్ సర్వర్‌కి వెళ్లాలి. ఫోనైనా, ల్యాప్‌టాపైనా, వెబ్‌మెయిలైనా. వచ్చేవాళ్లని సర్వర్లకి పంచే లోడ్ బ్యాలెన్సర్‌లో ఐపీ అడ్రస్ ప్రకారం అంటించి పెడితే సరిపోదు, ఎందుకంటే ఫోన్ ఐపీ వేరు, ఆఫీసు ఐపీ వేరు. ముందు ఒక ప్రాక్సీ (మధ్యవర్తి) ఉండాలి, అది లాగిన్ పేరు చూసి సర్వర్ నిర్ణయించాలి. డవ్‌కాట్‌లో దీనికి డైరెక్టర్ అనే భాగం ఉండేది, 2.4 వెర్షన్‌లో తీసేశారు. యూజర్ డేటాబేస్‌లోనే ప్రతి ఒక్కరి పక్కనా సర్వర్ పేరు రాసుకుని ప్రాక్సీ చేయించడం ఇప్పటికీ కుదురుతుంది. బయటి నుంచి వచ్చే మెయిల్‌ని డబ్బాలో వేసే ఎల్‌ఎంటీపీ కూడా ఈ ప్రాక్సీ దారినే వెళ్లాలి. ఇది మర్చిపోయి, చదవడానికి ఒక సర్వర్, వెయ్యడానికి ఇంకోటి పెట్టుకున్నవాళ్లకి పాత కష్టాలు అలాగే ఉంటాయి.

ఇలా కుదిరాక క్లయింట్ జ్ఞాపకం వరంగా మారుతుంది. ఆ డబ్బాని ఇంకెవరూ ముట్టుకోరు కాబట్టి నిశ్చింతగా గుర్తుపెట్టుకోవచ్చు. ఆ జ్ఞాపకం గడువైన ‘యాక్‌టైమో’ని పెంచొచ్చు, డవ్‌కాట్‌లోని ఆ రెండు ఎన్‌ఎఫ్‌ఎస్ సెట్టింగులూ ఆపెయ్యొచ్చు. ఇంకా ఉత్సాహం ఉంటే ఇండెక్స్ ఫైళ్లని ఎన్‌ఎఫ్‌ఎస్ నుంచి తీసి ప్రతి సర్వర్ లోపలి ఎస్‌ఎస్‌డీ మీద పెట్టొచ్చు. సర్వర్ చచ్చిపోతే ఆ యూజర్లకి ఇండెక్స్ మళ్లీ కట్టుకోవాలి, ఆ ఒక్కరోజు కష్టం. మెయిల్‌డిర్‌కే ఈ వెసులుబాటు. డవ్‌కాట్ సొంత డీబాక్స్ పద్ధతుల్లో ‘చదివాను’ లాంటి గుర్తులు ఇండెక్స్‌లోనే ఉంటాయి కాబట్టి అక్కడ ఇండెక్స్ పోతే యూజర్ల గుర్తులూ పోతాయి.

వేగం కోసం అబద్ధం ఆడొద్దు

స్టోరేజ్‌లో ‘సింక్’ బదులు ‘అసింక్’ అని ఎక్స్‌పోర్ట్ చేస్తే (అంటే ఆ డిస్క్‌ని క్లయింట్లకి పంచితే) ఒక్కసారిగా అంతా పరిగెడుతుంది. డేటా డిస్క్ మీద పడకముందే ‘పడింది’ అని జవాబిచ్చేస్తుంది కాబట్టి. మెయిల్ విషయంలో ఇది చాలా ప్రమాదం. అవతలి సర్వర్‌కి మనం 250 (అందింది) అని జవాబిచ్చామంటే ఆ మెయిల్ బాధ్యత మనది అని అర్థం, వాళ్లు తమ కాపీ తుడిచేసుకుంటారు. ఆ క్షణంలో కరెంటు పోతే ఆ మెయిల్ ఈ భూమ్మీద ఎక్కడా ఉండదు. పంపినవాడికి వెళ్లిందనే ఉంటుంది, అందుకోవాల్సినవాడికి వచ్చినట్టే తెలియదు. వేగం కావాలంటే నిజాయితీగా కొనుక్కునే దారులున్నాయి. నెట్‌యాప్ లాంటి స్టోరేజ్‌లు బ్యాటరీ రక్షణ ఉన్న మెమరీలో రాత పడగానే జవాబిస్తాయి, కరెంటు పోయినా అది నిలుస్తుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడేవాళ్లు కెపాసిటర్ రక్షణ ఉన్న చిన్న ఎస్‌ఎస్‌డీని లాగ్ కోసం విడిగా పెట్టుకుంటారు.

‘సాఫ్ట్’ మౌంట్ కూడా ఈ బాపతే. స్టోరేజ్ కాసేపు పలకకపోతే ప్రోగ్రామ్‌కి ఎర్రర్ ఇచ్చి వదిలేస్తుంది. సగం రాసిన ఇండెక్స్‌కి అప్పుడేమవుతుందో ఊహించుకోండి. ‘హార్డ్’ మౌంట్ అయితే స్టోరేజ్ తిరిగొచ్చేదాకా అలా వేలాడుతూ ఉంటుంది, చూడ్డానికి భయమేస్తుంది, డేటా మాత్రం భద్రం. ఎన్‌ఎఫ్‌ఎస్ నాలుగో వెర్షన్ వాడుతూ లినక్స్ స్టోరేజ్‌ని రీబూట్ చేస్తే, పాత తాళాలు తిరిగి తీసుకోవడానికి మామూలుగా 90 సెకన్ల గడువు ఉంటుంది, ఆలోపు కొత్త తాళాలు ఇవ్వదు. అంతా బిగుసుకుపోయిందని కంగారుపడి ఇంకోసారి రీబూట్ కొట్టొద్దు.

కొన్నిటి మీద సమయం వృథా చెయ్యకండి. ఫైల్ చదివిన సమయం రాయొద్దనే ‘నోఏటైమ్’ ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ మీద పెట్టినా ఏమీ మారదు, స్టోరేజ్ లోపలి ఫైల్ సిస్టమ్ మీద పెట్టాలి. వేలాడుతున్న పనిని మధ్యలో ఆపనిచ్చే ‘ఇంటర్’ అనే ఆప్షన్‌ని కెర్నల్ ఏనాడో పట్టించుకోవడం మానేసింది. మెయిళ్లని అటూ ఇటూ చేరవేసే పోస్ట్‌ఫిక్స్ సాఫ్ట్‌వేర్ క్యూని ఎన్‌ఎఫ్‌ఎస్ మీద పెట్టకండి, లోకల్ డిస్కే మంచిది. సర్వర్ల గడియారాలన్నీ క్రోనీ అనే ప్రోగ్రామ్‌తో కలిపి ఉంచండి. లాక్ ఫైల్ సమయానికీ సర్వర్ సమయానికీ తేడా ఉంటే డవ్‌కాట్ లాగ్‌లో గొణుగుతూనే ఉంటుంది.

ఇంకో ఫిర్యాదు వస్తుంది. మెయిల్ ఇన్‌బాక్స్‌లో పడ్డాక ఫోన్‌లో మోగడానికి అర నిమిషం పడుతోందని. కొత్త ఫైల్ వచ్చిందని కెర్నల్ చెప్పే ఐనోటిఫై, ఎన్‌ఎఫ్‌ఎస్ మీద ఇంకో మెషీన్ చేసిన మార్పుని చెప్పలేదు. అందుకే డవ్‌కాట్ మామూలుగా 30 సెకన్లకోసారి తనే వెళ్లి చూసుకుంటుంది. చదివే సర్వరే మెయిల్ వేసే సర్వర్ కూడా అయితే ఈ ఆలస్యం దానంతటదే పోతుంది. యూజర్ని ఒకే సర్వర్‌కి కట్టెయ్యడం వల్ల వచ్చే లాభాల్లో జనం నిజంగా గమనించేది ఇదొక్కటే.

చివరగా, నేను తిన్న ఇంకో దెబ్బ. ఆ నోఏసీ తీసేసి, మౌంట్ ఆప్షన్లు రాసిపెట్టే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో సరిచేసి, రెండు సర్వర్ల మీద ‘రీమౌంట్’ కొట్టాను. అంతా అయిపోయిందనుకున్నాను. ఎన్‌ఎఫ్‌ఎస్ ఆప్షన్లలో చాలావరకు రీమౌంట్‌తో మారవు, పూర్తిగా అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చెయ్యాల్సిందే. నేను ఎఫ్‌ఎస్‌ట్యాబ్ చూసి ధైర్యంగా ఉన్నాను, సర్వర్లు మాత్రం పాత నోఏసీతోనే నడుస్తున్నాయి. ‘ప్రాక్’ కింద ఉండే ‘మౌంట్స్’ ఫైల్ తెరిస్తే అసలు ఏ ఆప్షన్లతో నడుస్తోందో తెలుస్తుంది. నేను దాన్ని తెరిచింది తర్వాతి సోమవారం, తొమ్మిదీ నలభైకి.